అరిసెలు పడలేదనుకున్నాను

మాది కోనసీమలో, అంబాజీపేటకి దగ్గర ఒక ఊరు. బస్సులు ఆగే చోట మందుల షాపు, ఇరవై రెండేళ్ళుగా అదే కౌంటరు, అదే స్టూలు. "కడుపునొప్పండీ, ఏదైనా ఇవ్వండి" అని రోజుకి ఎంతమంది అడుగుతారో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు. ఆ మాట వినగానే ఆలోచన లేకుండా చెయ్యి వెళ్ళే అర ఒకటి ప్రతి షాపులోనూ ఉంటుంది. మూడేళ్ళ కిందట కనుమ నాడు మా మేనకోడలు వచ్చి "మామయ్యా, కడుపులో నొప్పి" అంటే నా చెయ్యి ఆ అరలోకే వెళ్ళింది. ఇది రాద్దామని రెండు మూడుసార్లు కూచుని మధ్యలో ఆపేశాను. ఇవాళ వానకి షాపులో జనం లేరు, పూర్తి చేస్తాను.

పిల్లని ఇక్కడికి చిట్టి అందాం. ఆరేళ్ళప్పుడు దానికి గుండె మార్చారు. గుండె కండరం బలం పోయి, సాగి సాగి పెద్దదైపోయే జబ్బు, డైలేటెడ్ కార్డియోమయోపతీ అంటారు. ముందు దగ్గనుకున్నాం, తర్వాత ఉబ్బసం అనుకున్నాం (ఆ సిరప్పులూ నా షాపువే), చివరికి కాకినాడలో ఎక్స్‌రే తీస్తే ఛాతీలో సగానికి పైగా గుండె నీడే కనబడింది. అక్కణ్ణుంచి చెన్నై. ఆసుపత్రి దగ్గర ఒక గది అద్దెకి తీసుకుని చెల్లెలూ బావా నాలుగు నెలలు ఫోన్ వంక చూస్తూ కూచున్నారు. ఒక రాత్రి ఆ ఫోన్ మోగింది. ఆ గుండె ఎవరి పిల్లదో, ఏ ఊరో చెప్పరు, అది రూలు. మా చెల్లెలు సంతోషపడాలో ఏడవాలో తెలీక గోడ వైపు తిరిగి నిలబడిపోయిందట. తీసిన గుండెని సుమారు నాలుగు గంటల్లోపు పెట్టెయ్యాలి కాబట్టి ఆ తర్వాత అన్నీ పరుగుల మీదే జరిగాయి.

ఊరికొచ్చాక అందరూ ఒకటే మాట, "ఆపరేషన్ సక్సెస్ కదండీ, ఇంకేంటి." నిజానికి అసలు కథ అక్కడే మొదలయ్యింది.

మా ఊళ్ళో కొత్త మనిషి బస్సు దిగితే అరుగు మీద కూచున్న పెద్దాళ్ళు మొదట అడిగే మాట "ఎవరి తాలూకా అండీ?" అని. ఫలానా వారి అల్లుణ్ణనో, ఫలానా వారి మనవణ్ణనో చెప్పాడా సరే, చెప్పలేకపోతే సాయంత్రానికి ఊరంతా వాడి మీద ఓ కన్నేసి ఉంచుతుంది. ఒంట్లో టి కణాలని ఉంటాయే, వాటి పని కూడా ఇదే. మన కణాల మీద మన తాలూకా గుర్తులుంటాయి, అవి లేనివి ఏవొచ్చినా ఈ కణాలు ఊరుకోవు. సూక్ష్మజీవుల మీద అవి అలా పడబట్టే మనం బతికున్నాం. కానీ కొత్త గుండె మీద ఉన్నవి ఇంకొకరి గుర్తులు. అది కొట్టుకుంటేనే పిల్ల బతుకుతుందన్న సంగతి వాటికేం తెలుసు? పోయి దాని కండరంలో దూరి కొరకడం మొదలెడతాయి. దాన్నే రిజెక్షన్ అంటారు. కొందరిలో టి కణాలు కాకుండా యాంటీబాడీలు ఆ పని చేస్తాయి, అది పట్టుకోవడం ఇంకా కష్టం, తగ్గించడమూ కష్టమే. ఇంకో రకం ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా గుండె రక్తనాళాల్ని లోపల్నుంచి సన్నం చేసుకుంటూ పోతుంది. మొదటి ఏడాది, అందులోనూ మొదటి ఆర్నెల్లు, భయం ఎక్కువ. ఆ తర్వాత తగ్గుతుందేగాని పూర్తిగా పోదు.

పసిపిల్లల సంగతి విచిత్రం. ఏడాదిలోపు పాపాయిల్లో ఆ అరుగు ఇంకా నిండి ఉండదు, వేరే బ్లడ్ గ్రూపుని పట్టే యాంటీబాడీలు సరిగ్గా తయారవవు. అందుకని 1996 నుంచి టొరంటోలో డాక్టర్లు గ్రూపు కలవని గుండెల్ని కూడా పాపాయిలకి పెట్టి బతికించారు. చెన్నైలో మా పక్క గదిలో ఉన్న ఒడిశా వాళ్ళ పాపాయికి అలాగే పెట్టారని విని నేను ముందు నమ్మలేదు. ఇరవై ఏళ్ళు మందులు అమ్మినవాణ్ణి, గ్రూపు కలవకపోతే అంతే సంగతులని కదా నాకు తెలిసింది.

ఆ నాలుగు నెలల్లో నేను తెగ చదివాను. 1967 డిసెంబర్ 3న కేప్‌టౌన్‌లో బర్నార్డ్ అనే డాక్టరు చేసిన మొదటి గుండె మార్పిడి అందరూ విన్నదే. ఆ పేషెంటు 18 రోజులు బతికి న్యుమోనియాతో పోయాడు. గుండె బాగానే కొట్టుకుంటోంది, రిజెక్షన్ రాకుండా ఇచ్చిన మందులకి ఒంట్లో కాపలా పోయింది. మూడు రోజుల తర్వాత న్యూయార్క్‌లో ఒక పసికందుకి చేస్తే కొన్ని గంటలే. కుట్టడం వచ్చింది గాని ఒళ్ళు ఒప్పుకోవడం రాలేదు, అందుకే చాలాచోట్ల మానేశారు. మళ్ళీ ఊపందుకున్నది 1983లో రిజెక్షన్‌ని ఆపే మందు సైక్లోస్పోరిన్ అమెరికా మార్కెట్లోకి వచ్చాకే. మన దేశంలో 1994లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది, ఆ ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ వేణుగోపాల్ గారు మొదటిసారి విజయవంతంగా చేశారు. ఆయన మన రాజమండ్రి ఆయనే, ఈ మాట మా బావకి చెబితే ఎందుకో ఆ రోజు కాస్త అన్నం తిన్నాడు. అలాంటిదే, ఇప్పుడు చిట్టి వేసుకునే టాక్రోలిమస్ 1984లో జపాన్‌లో త్సుకుబా అనే చోట మట్టిలో దొరికిన ఒక బాక్టీరియాలోంచి వచ్చింది. సైక్లోస్పోరిన్ కూడా నార్వే మట్టిలోని బూజులోంచే. మట్టిలో ఆడొద్దు, చేలో దిగొద్దు, కోళ్ళగూటి దగ్గరికి వెళ్ళొద్దు అని పొద్దస్తమానూ కేకలేసే పిల్లకి మట్టిలో పుట్టిన మందే దిక్కయ్యింది.

టాక్రోలిమస్ పొద్దున ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి. దాంతోపాటు మైకోఫెనోలేట్, స్టెరాయిడ్. టాక్రోలిమస్ రక్తంలో తక్కువైతే రిజెక్షన్, ఎక్కువైతే కిడ్నీలకి దెబ్బ, చేతులు వణకడం. మాకప్పుడు చెప్పిన హద్దు 8 నుంచి 12. అది చూడ్డానికి పొద్దున మాత్ర వెయ్యకముందే ఊదారంగు మూత ట్యూబులో రక్తం తియ్యాలి, దాన్ని ఐస్ పెట్టెలో పెట్టి ల్యాబుకి చేర్చాలి. ఆ డ్యూటీ నాది. ఇంకో సంగతి, ఇది నాలాంటి షాపువాళ్ళ కోసం. "కంపెనీ వేరండీ, లోపల సరుకు ఒకటే" అని నేను కొన్ని వేలసార్లు చెప్పుంటాను, చాలా మందుల విషయంలో అది నిజం కూడా. కానీ ఈ మాత్రకి మాత్రం డాక్టర్ని అడగకుండా కంపెనీ మార్చకూడదు, మారిస్తే మళ్ళీ రక్తం పరీక్ష చెయ్యాల్సిందే. మా స్టాకిస్టు ఒకసారి వేరేది పంపి "ఇదీ అదే కదా గురూగారూ" అంటే నా మాట నాకే అప్పజెప్పినట్టయ్యింది.

ఇంక తిండి. మా పెరట్లో పంపరపనస చెట్టుంది, మా నాన్న పెట్టింది, కాపు బాగా కాస్తుంది. పంపరపనసా దాని చుట్టం గ్రేప్‌ఫ్రూటూ తింటే టాక్రోలిమస్ ఒంట్లోంచి పోవాల్సినంత త్వరగా పోదు, లెవెల్ పెరిగిపోతుంది. కాయలన్నీ ఊరికి పంచేస్తున్నాం. ఈ మందుకి పొటాషియం కూడా పెరుగుతుంది కాబట్టి కొబ్బరినీళ్ళూ అరటిపండూ మితం. అంబాజీపేట పక్కన పుట్టి కొబ్బరినీళ్ళు సిరప్ మూతతో కొలిచి తాగే పిల్ల ఇదొక్కటేనేమో. అందరికంటే ఎక్కువ గొడవ తిప్పతీగతో వచ్చింది. కరోనా రోజుల్లో ఆ చూర్ణం డబ్బాలు నేనే డజన్ల కొద్దీ అమ్మాను, ఇమ్యూనిటీ ఇమ్యూనిటీ అని. ఎదురింటి పిన్నిగారు ప్రేమగా కషాయం కాచి తెస్తే మా చెల్లెలు "వద్దు పిన్నిగారూ, దీనికి ఇమ్యూనిటీ పెరగకూడదు" అంది. ఆవిడ వారం రోజులు మాతో మాట్లాడలేదు. పల్స్ పోలియో రోజు ఇంకో తంటా. చిట్టి తమ్ముడికి చుక్కలు వెయ్యనివ్వలేదు, ఎందుకంటే ఆ చుక్కల్లో ఉండేది బతికున్న వైరస్సు, బలహీనపరిచిందే అనుకోండి, వాడి ద్వారా ఇంట్లో దీనికి అంటుకోవచ్చు. వాడికి ఇంజెక్షనే వేయిస్తాం. గుమ్మంలో నిలబడ్డ ఆశా కార్యకర్తకి ఇదంతా చెప్పేసరికి వీధంతా పోగయ్యింది. "చదువుకున్నోళ్ళే చుక్కలొద్దంటే ఎలాగండీ" అని ఎవరో అననే అన్నారు.

సరే, ఆ సంక్రాంతి. గుండె మార్చి ఏడో నెల. స్టెరాయిడ్ వల్ల ఆకలి ఎక్కువై పిల్ల బొద్దుగా అయ్యింది, మూడు కిలోలు పెరిగింది. మా అమ్మ రోజూ దిష్టి తీసేది. బరువు పెరిగితే మందు డోసు చాలకపోవచ్చనీ, అసలే చిన్నపిల్లల ఒళ్ళు ఈ మందుని పెద్దాళ్ళకంటే త్వరగా ఖర్చు చేసేస్తుందనీ మాకు చెప్పారు, మేం విన్నాం, కాయితం మీద రాసుకున్నాం కూడా. డిసెంబర్ పరీక్షలో లెవెల్ 8 దగ్గర ఉంది. జనవరి పరీక్ష పండగ ముందు చెయ్యాలి. ల్యాబు కుర్రాళ్ళు సెలవులో ఉంటారు, షాపులో రద్దీ, "పండగయ్యాక ఇద్దాంలే అమ్మాయ్" అన్నది ఎవరో కాదు, నేనే.

కనుమ పొద్దున ఇల్లంతా చుట్టాలు. జగ్గన్నతోట తీర్థానికి దేవుళ్ళ ప్రభలు బయల్దేరుతున్నాయి, సన్నాయీ డప్పులూ వినబడుతున్నాయి. చిట్టిని ఆ జనంలోకి పంపం కాబట్టి డాబా మీంచి చూపిద్దామని ఎత్తుకోబోతే "కడుపులో నొప్పి, మామయ్యా" అంది. పొద్దున్నే రెండు అరిసెలు తిన్నది నేను చూశాను. అరిసెలు పడలేదనుకున్నాను. మధ్యాహ్నం ఒక వాంతి. షాపు తాళం తీసి గ్యాస్‌కి సిరప్, వాంతులకి సిరప్ తెచ్చి నేనే పట్టించాను. మా చెల్లెలు "చెన్నైకి ఒకసారి ఫోన్ చేద్దామా అన్నయ్యా" అంటే పండగ పూట అరగని దానికి వాళ్ళని ఇబ్బంది పెట్టడం ఎందుకన్నాను. పదో తరగతి నుంచీ చెల్లెలికి నా మాటంటే గురి. ఆ గురి ఆ రోజు లేకపోతే బాగుండేది. ఆ గ్యాస్ సిరప్ పక్కనే వేస్తే మైకోఫెనోలేట్ కూడా ఒంటికి సరిగ్గా పట్టదని తర్వాత తెలిసింది. నిజానికి ఆ సంగతి రాసిన కాగితం నా షాపులోనే ఉంది, మందు డబ్బాలో మడతపెట్టి.

మర్నాడు ముక్కనుమ. తిండి ముట్టలేదు, కళ్ళ కింద ఉబ్బు, ఉచ్చ తగ్గింది. ఆడుకోమంటే మంచం మీదే కూచుంటానంది. రాత్రి నిద్రలో ఉండగా చిట్టి వేలికి చెల్లెలు ఆక్సీమీటర్ పెట్టి చూస్తే గుండె నిమిషానికి 148 సార్లు కొట్టుకుంటోంది. మార్చిన గుండె కాస్త వేగంగానే కొట్టుకుంటుంది, దానికి నరాలు ఉండవు, కోసేటప్పుడే తెగిపోతాయి, అందుకని "నెమ్మది" అని చెప్పేవాడుండడు. చిట్టిది మామూలుగా నిద్రలో 105. నరాలు లేవు కాబట్టే దానికి ఛాతీలో నొప్పి అనేది తెలియదు. గుండె బలం తగ్గితే రక్తం వెనక్కి తన్ని కాలేయం ఉబ్బుతుంది, పేగులకి రక్తం చాలదు. పిల్లలు చెప్పేది ఆ నొప్పి. కడుపునొప్పి, వాంతి, తిండి సయించకపోవడం, చిరాకు, చంటిపిల్లలైతే పాలు తాగుతూ తాగుతూ వదిలేసి చెమట పట్టడం. ఇంకా ఘోరం ఏంటంటే కొంతమందిలో ఏమీ కనబడదు, గుండె ముక్క తీసి చూసే బయాప్సీలోనే తెలుస్తుంది.

ఫోన్ ఎత్తిన చెన్నై ఆసుపత్రి అమ్మాయి మొత్తం వినలేదు. "ఎప్పట్నుంచి?" అని అడిగి, రెండు రోజులని చెప్పగానే ఒక్క క్షణం ఆగి, "దగ్గర్లో ఎక్కడ గుండెకి ఎకో స్కాన్ తీస్తారో అక్కడికి ఇప్పుడే బయల్దేరండి, అక్కడి డాక్టర్ చేత మాకు ఫోన్ చేయించండి" అంది. పండగ కార్లన్నీ హైదరాబాద్ వైపు తిరుగుముఖం పట్టిన రాత్రి అది, రావులపాలెం దాటడానికే గంట పట్టింది. రాజమండ్రిలో ఎకో చూసిన డాక్టరు గారు తెర మీదనుంచి కళ్ళు తియ్యకుండానే ఫోన్ అందుకున్నారు. మొదటి స్టెరాయిడ్ ఇంజెక్షన్ అక్కడే ఇచ్చి అంబులెన్స్ ఎక్కించారు. అక్కణ్ణుంచి చెన్నై ఆరువందల కిలోమీటర్ల పైనే. నేను ముందు సీట్లో కూచుని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళాను.

బయాప్సీ అంటే నేను ఛాతీ కోస్తారనుకునేవాణ్ణి. మెడలో రక్తనాళం గుండా సన్నటి తీగ పంపి, దాని కొసనున్న చిన్న పట్టకారుతో గుండె కుడివైపు గది లోపల్నుంచి ఐదారు ముక్కలు తుంచుతారు, ఒక్కోటి నువ్వుగింజ కంటే చిన్నది. పెద్దాళ్ళకి మెలకువగానే చేస్తారు, పిల్లలకి మత్తిచ్చి. ఆ ముక్కల్లో టి కణాలు ఎంత చొరబడ్డాయో మైక్రోస్కోపులో చూసి 0 నుంచి 3 దాకా గ్రేడు ఇస్తారు. చిట్టికి 2 వచ్చింది. రక్తంలో టాక్రోలిమస్ 5 చిల్లర. మూడు రోజులు పెద్ద డోసు స్టెరాయిడ్ సెలైన్‌లో ఎక్కించారు, మాత్ర డోసు పెంచారు. పదిరోజుల తర్వాత మళ్ళీ బయాప్సీ చేస్తే కణాలు వెనక్కి తగ్గాయి. రిజెక్షన్ తగ్గడానికి రాత్రికి రాత్రి ఇంకా పెద్ద మందులు వాడాల్సి వచ్చినవాళ్ళనీ ఆ వార్డులో చూశాం. ఒకళ్ళు మంచం ఖాళీ చేసి వెళ్ళిపోవడమూ చూశాం. దాని గురించి ఇంక రాయను.

నేను డాక్టర్ గారిని విడిగా కలిసి అంతా చెప్పేశాను, పరీక్ష వాయిదా వెయ్యడం, సిరప్పు, ఫోన్ వద్దనడం. ఆవిడ తమిళం కలిసిన తెలుగులో "లెవెల్ సరిగ్గా ఉన్నా వస్తుంది సార్, అందరూ జాగ్రత్తగా ఉన్న ఇళ్ళలో కూడా వస్తుంది" అన్నారు. నాకు ఊరట కలగాలి కదా, కలగలేదు. తర్వాత ఇంకో మాటన్నారు, "రెండు రోజులు మాత్రం మీవే." దానికి మాత్రం కొంచెం తేలికయ్యింది, ఎందుకో తెలీదు. లెక్క తేలినట్టు అనిపించిందేమో. మా చెల్లెలు ఇప్పటిదాకా ఒక్క మాటనలేదు. బావ మాత్రం తాగొచ్చిన ఒక రాత్రి అన్నాడు, అది మా ఇద్దరి మధ్యే ఉండనివ్వండి.

ఇప్పుడు షాపులో కడుపునొప్పని ఎవరు పిల్లని తీసుకొచ్చినా నేను మూడు ప్రశ్నలడుగుతాను. ఇంతకు ముందు ఏమైనా ఆపరేషన్ అయ్యిందా, రోజూ వేసుకునే మందులున్నాయా, ఉచ్చ సరిగ్గా పోస్తోందా. "ఇస్తావా ఇవ్వవా అన్నా" అని విసుక్కుని పక్క షాపుకి పోయినవాళ్ళున్నారు. పోనీ.

చిట్టికి వచ్చే నెల పదేళ్ళు నిండుతాయి. బడికి వెళ్తోంది, క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే టీచరమ్మ మాకు వెంటనే ఫోన్ చేస్తారు, ఆవిడకి ఎన్ని దణ్ణాలు పెట్టినా చాలదు. డాక్టర్లు ఇప్పట్నుంచే ఇంకో దాని గురించి చెబుతున్నారు. పదమూడు పద్నాలుగేళ్ళొచ్చాక రిజెక్షన్ మళ్ళీ తిరగబెట్టడానికి పెద్ద కారణం పిల్లలు మాత్రలు మానెయ్యడమేనట. ఒంట్లో బాగానే ఉంటుంది, స్టెరాయిడ్ వల్ల మొహం గుండ్రంగా ఉందని తోటిపిల్లలు ఏడిపిస్తారు, అమ్మ గుర్తు చేస్తే కోపం వస్తుంది. విన్నప్పుడు ఇంకా టైముందిలే అనుకున్నాను.

మొన్న మంగళవారం మా అమ్మ మంచం కింద ఊడుస్తుంటే ఒక క్యాప్సూల్ దొరికింది, దుమ్ము పట్టి. అరచేతిలో పెట్టుకుని షాపుకి తీసుకొచ్చింది, చెల్లెలికి చెప్పకుండా. చూడగానే తెలిసిపోయింది, టాక్రోలిమస్, ఒక మిల్లీగ్రాము. సాయంత్రం చిట్టిని కాలవగట్టు మీద నడిపిస్తూ మెల్లగా అడిగాను. చాలాసేపు నీళ్ళ వంకే చూసి, "జారిపోయింది మామయ్యా. వెతికితే దొరకలేదు. చెబితే అమ్మ ఏడుస్తుందని" అంది. ఎప్పుడు అంటే గుర్తులేదంది. ఒకటేనా అంటే తలూపింది. ఏ వైపు ఊపిందో నాకు సరిగ్గా అర్థం కాలేదు, రెండోసారి అడగలేదు.

రేపు ఏడున్నరకి రక్తం తియ్యాలి. నెల తిరగడానికి ఇంకా తొమ్మిది రోజులుంది, అయినా రేపే. చెల్లెలికి ల్యాబు వాడు ముందే రమ్మన్నాడని చెప్పాను. ట్యూబులు సంచిలో పెట్టేశాను, ఐస్ ఫ్రీజర్‌లో ఉంది.